గిటారిస్టు కొత్త ఆల్బమ్ వచ్చిందా? ముందు డ్రమ్స్ వినండి

బ్లూస్ రాక్ (బ్లూస్‌ని రాక్ ఊపుతో వాయించే సంగీతం) గిటారిస్టు ఎవరైనా కొత్త స్టూడియో ఆల్బమ్ తెస్తే గిటార్ పిచ్చి ఉన్నవాళ్లు చేసే పని ఒక్కటే. మొదటి పాట పెడతారు, సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే చోటు) ఎక్కడుందో వెతుక్కుని అక్కడికి జరుపుతారు, అర నిమిషం విని తీర్పు చెప్పేస్తారు. "చేతిలో పస తగ్గింది" అనో, "అబ్బ, ఏం వాయించాడు" అనో. మిగిలిన నలభై నిమిషాలూ ఎవరి కోసం రికార్డు చేశారో మరి.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. అంటే ఇలాంటి సోలోల వెనక నిలబడి, అవే నాలుగు స్వరాలు పట్టుకుని, గిటారిస్టు ఎప్పుడు కిందికి దిగుతాడా అని చూసే ఉద్యోగం. అక్కడ నిలబడితే ఈ సంగీతం ఇంకో రకంగా వినిపిస్తుంది. సోలో బాగుండటం పెద్ద విశేషమేం కాదు. పేరున్న గిటారిస్టుకి అది రాకుండా ఎలా ఉంటుంది? సోలో లేని చోట పాట నిలబడుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఆ లెక్కన కొత్త ఆల్బమ్‌ని నేనెలా వింటానో చెబుతాను. గిటార్ పట్టుకోనివాళ్లు కూడా చేయగలిగిన పనులే ఇవన్నీ.

ముందు పేర్లు చదవండి

ప్లే నొక్కే ముందు క్రెడిట్స్ చూడండి. స్ట్రీమింగ్ యాప్‌లో పాట మెనూ తెరిస్తే సాధారణంగా రచయిత, ప్రొడ్యూసర్ పేర్లు కనిపిస్తాయి. ఎవరేం వాయించారో అన్నిసార్లూ ఉండదు. దానికి సీడీ లోపలి పుస్తకమో, ఎల్పీ కవరో, రికార్డు కంపెనీ ఇచ్చిన వివరాలో చూడాలి. ఇందులో నేను మొదట వెతికేది డ్రమ్మర్ పేరు. అన్ని పాటలకీ ఒకే డ్రమ్మరు, ఒకే బేసిస్టు ఉంటే అది ఒక బ్యాండ్ చేసిన ఆల్బమ్. నలుగురు డ్రమ్మర్లు ఉంటే పాటలు వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో తయారై ఉండొచ్చు. అది తప్పేం కాదు. కానీ మొదటి పాటలో ఉన్న ఊపు ఐదో పాటలో లేదేమిటా అని ఆశ్చర్యపోవాల్సిన పని ఉండదు.

తర్వాత చూడాల్సింది, అందరూ ఒకే గదిలో కలిసి వాయించారా, విడివిడిగా వాయించినవి అతికించారా అన్నది. స్టీవీ రే వాన్ మొదటి ఆల్బమ్ సంగతి చూడండి. 1982 నవంబరులో గాయకుడు జాక్సన్ బ్రౌన్ లాస్ ఏంజెలెస్‌లోని తన స్టూడియోని ఉచితంగా వాడుకోమన్నాడు. ఉన్నది మూడు రోజులు, అందులో సామాను సర్దుకోవడానికే కొంత పోయింది. డ్రమ్స్ క్రిస్ లేటన్, బేస్ టామీ షానన్, గిటార్ వాన్. ముగ్గురూ కలిసి, స్టేజీ మీద వాయించినట్టే వాయించేశారు. 1983లో విడుదలైన ఆ ఆల్బమ్‌లో పాట మధ్యలో టెంపో (పాట వేగం) కొంచెం అటూ ఇటూ కదిలినా ముగ్గురూ కలిసే కదులుతారు. విడివిడిగా రికార్డు చేస్తే ఆ కదలిక రాదు.

ఒకే గదిలో చేశారో లేదో రాసి లేకపోతే చెవితో పట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గాయకుడు ఒక లైను పాడి ఆపిన వెంటనే ఆ ఖాళీలో ఏముందో వినండి. డ్రమ్స్ చప్పుడు కాస్త దూరంగా, గదిలోంచి వస్తున్నట్టు వినిపిస్తే అది గాయకుడి మైకులోకి దూరిన శబ్దం. గొంతు చుట్టూ శుభ్రంగా నిశ్శబ్దం ఉంటే, గొంతు విడిగానో, తర్వాతో రికార్డు చేసి ఉండొచ్చు.

ప్రొడ్యూసర్ పేరు కూడా పనికొస్తుంది. జో బోనమాసా ఆల్బమ్‌లకి చాలా ఏళ్లుగా కెవిన్ షర్లీ ప్రొడ్యూసర్. వాళ్ల నాలుగైదు ఆల్బమ్‌లు వరసగా వింటే గిటార్ వెనక కీబోర్డులు, కోరస్ గొంతులు, పెద్ద గది ప్రతిధ్వని ఎలా పేరుస్తారో ఒక అలవాటు కనబడుతుంది. 2020లో వచ్చిన ఆల్బమ్‌ని లండన్ యాబీ రోడ్ స్టూడియోలో చేశారు. అరవైల నాటి బ్రిటిష్ బ్లూస్ మీద ఇష్టంతో అక్కడికి వెళ్లారు, ఆ ఇష్టం పాటల్లో దాగలేదు. ఇలాంటి సంగతి ముందే తెలిస్తే "ఇదేంటి, పాత ఇంగ్లిష్ బ్యాండులా ఉంది" అని విసుక్కోం.

మొదటి వినికిడి: తక్కువ వాల్యూమ్‌లో, మొదటినుంచి చివరిదాకా

మొదటిసారి స్పీకర్లలో, పక్కన మనిషితో మాట్లాడగలిగేంత వాల్యూమ్‌లో పెట్టండి. బ్లూస్ రాక్‌ని ఇలా వినమంటే గిటార్ వాళ్లు నన్ను కొట్టడానికి వస్తారు. కానీ దీనికో కారణం ఉంది. వాల్యూమ్ పెంచితే ప్రతిదీ బాగానే ఉంటుంది, యాంప్‌లోంచి (యాంప్లిఫయర్) వచ్చే హోరే సగం ఆనందం ఇచ్చేస్తుంది. తగ్గిస్తే ముందు బేస్ పలచబడుతుంది, తర్వాత గిటార్‌లోని గరుకు పోతుంది. మిగిలేవి గొంతు, స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ, పాట బాణీ. ఆ మూడింటితో పాట నడుస్తుంటే అది పాటే.

ఈ విడతలో పాటలు దాటించొద్దు, సోలో వెనక్కి తిప్పి వినొద్దు. ఏ పాట తర్వాత మనసులో ఏ లైను మిగిలిందో మాత్రం గుర్తుపెట్టుకోండి.

పాత ఆల్బమ్‌తో పోల్చి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొత్త రికార్డులు ఎక్కువ లౌడ్‌గా మాస్టర్ (విడుదలకి ముందు ఆఖరి దిద్దుబాటు) చేస్తారు. రెండు శబ్దాల్లో కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. యాప్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ సమం చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్‌లో పెట్టండి. స్పాటిఫై అయితే మామూలుగా అన్నింటినీ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి తెస్తుంది. అప్పుడే 1966 నాటి రికార్డునీ, నిన్న వచ్చినదాన్నీ న్యాయంగా పక్కపక్కన పెట్టగలం.

పన్నెండు బార్లు లెక్కపెట్టడం

రెండో విడతలో వేళ్లకి పని పెట్టండి. బ్లూస్‌కి మూలం పన్నెండు బార్ల ఆవృతం, ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు. "ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు" అంటూ బార్ మారినప్పుడల్లా మొదటి అంకె మార్చుకుంటూ పన్నెండు దాకా వెళ్లండి. మళ్లీ ఒకటికి వచ్చేసరికి పాట కూడా మొదటికి వచ్చినట్టు అనిపిస్తే మీరు దారిలో ఉన్నారు.

లోపల కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు) ఇలా నడుస్తాయి. పాట ఏ శ్రుతిలో ఉన్నా దాన్ని స అనుకోండి. మొదటి నాలుగు బార్లు స మీద కట్టిన కార్డ్. ఐదు, ఆరు బార్లు మ మీద. ఏడు, ఎనిమిది తిరిగి స. తొమ్మిదో బార్ ప, పదోది మ, పదకొండు స, పన్నెండులో ప ని తాకి మళ్లీ మొదటికి. బ్యాండ్ వాళ్లు వీటిని వన్, ఫోర్, ఫైవ్ అంటారు. కొన్ని పాటల్లో రెండో బార్‌లోనే ఒకసారి మ కి వెళ్లొస్తారు, దాన్ని క్విక్ చేంజ్ అంటారు. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఐదో బార్‌ని. స నుంచి మ కి మారే ఆ క్షణం ఎప్పుడొస్తుందో శరీరానికి తెలిస్తే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది.

కొంచెం లెక్క వేస్తే మొత్తం నలభై ఎనిమిది దెబ్బలు. నిమిషానికి 120 దెబ్బల షఫుల్ (కుంటుతున్నట్టు ఊగే నడక, కింద వివరిస్తాను) అయితే ఒక ఆవృతం 24 సెకన్లలో అయిపోతుంది. నిమిషానికి 60 దెబ్బల స్లో బ్లూస్ అయితే 48 సెకన్లు. అంటే స్లో బ్లూస్‌లో రెండు ఆవృతాల సోలో దాదాపు నిమిషంన్నర పైనే. అంతసేపు వినేవాడి చెయ్యి స్కిప్ బటన్ మీదికి పోకుండా చూడటం మామూలు సంగతి కాదు.

ఇక అసలు సరదా. కొత్త ఆల్బమ్‌లో ఎన్ని పాటలు ఈ లెక్కకి లొంగుతాయో, ఎన్ని లొంగవో చూడండి. పాటలన్నీ పన్నెండు బార్లలోనే నడిస్తే గిటారిస్టుకి పాటలు రాయడం కంటే సోలోలకి వేదిక వేసుకోవడమే ముఖ్యమైందని నా అనుమానం. అసలు ఒక్కటీ లొంగకపోతే అది రాక్ ఆల్బమే, బ్లూస్ అన్నది పోస్టర్ మీది మాట. ఈ రెండింటికీ మధ్యలో ఎలా తప్పించాడన్నదే చూడాలి. పాత బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ దారిలో పాటంతా ఒకే కార్డ్ మీద ఉంచవచ్చు. దిగులు పలికే మైనర్ కార్డులకి మారవచ్చు. బి.బి. కింగ్ 1969 చివర్లో విడుదల చేసిన, అతనికి అతి పెద్ద హిట్టయిన మైనర్ బ్లూస్‌లో తొమ్మిదో బార్ రాగానే ప బదులు శుద్ధ ధైవతం మీది కార్డ్ పడుతుంది, పదో బార్‌లో ప. ఆ ఒక్క మార్పుతో పాట రంగే మారిపోతుంది. చాలామంది కొత్తవాళ్లు తమ మైనర్ పాటల్లో ఇప్పటికీ ఆ రెండు బార్లనే వాడుకుంటారు. ఒకసారి చెవికి చిక్కిందంటే ప్రతి ఆల్బమ్‌లోనూ దొరుకుతుంది.

ఇప్పుడు మా వంతు

మూడో విడతలో గిటార్ లేనట్టే వినండి. మీ చెవి డ్రమ్స్ మీద, బేస్ మీద ఉండాలి. చప్పట్లు ఒకటి, మూడు మీద కాదు, రెండు, నాలుగు మీద కొట్టండి. స్నేర్ పడేది అక్కడే. మీ చప్పట్లు స్నేర్ కంటే కాస్త ముందు పడుతున్నాయనిపిస్తే డ్రమ్మర్ వెనక్కి వాలి వాయిస్తున్నాడన్నమాట. కావాలనే అలా చేస్తాడు. తొందరపడే గిటారిస్టుకి వెనక్కి లాగే డ్రమ్మర్ దొరికితే ఆ గుంజాటలోనే పాటకి బిగువు వస్తుంది.

తర్వాత అది షఫులా, స్ట్రెయిటా తేల్చుకోండి. దెబ్బని మూడుగా విడగొట్టి "తకిట తకిట" అనుకోండి. అందులో "కి" మింగేసి "త..ట త..ట" అంటే అది షఫుల్. "తక తక" అని రెండు సమభాగాలుగా కుదిరితే స్ట్రెయిట్, అంటే రాక్ నడక. స్లో బ్లూస్‌లో అయితే "తకిట"లోని మూడక్షరాలూ సింబల్ మీద స్పష్టంగా వినిపిస్తాయి. మంచి షఫుల్ వాయించడం చూడ్డానికి తేలిక, చేయడానికి నరకం. చేతికి అలసట వచ్చేకొద్దీ "త"కీ "ట"కీ మధ్య దూరం తరిగిపోయి స్ట్రెయిట్‌గా మారిపోతుంది. ఆల్బమ్‌లో ఒక షఫుల్ పాట తీసుకుని మొదటి అర నిమిషాన్నీ చివరి అర నిమిషాన్నీ పోల్చి చూడండి. డ్రమ్మర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

బేస్ విషయంలో ఒక్కటే చూడండి. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడినప్పుడు బేస్ స్వరం కూడా అప్పుడే మొదలవుతోందా? రెండూ ఒకే శబ్దమా అన్నంతగా కలిసిపోతే ఆ బ్యాండ్ బాగా కుదిరినట్టే. ఇందులో కొలమానం కావాలంటే 1967లో స్టాక్స్ కంపెనీ తెచ్చిన ఆల్బర్ట్ కింగ్ ఆల్బమ్ వినండి. మెంఫిస్‌లో, ఆ కంపెనీ ఇంటి బ్యాండ్ బుకర్ టీ అండ్ ది ఎంజీస్‌తో చేసిన రికార్డు అది. డ్రమ్స్ ఆల్ జాక్సన్ జూనియర్, బేస్ డక్ డన్, రెండో గిటార్ స్టీవ్ క్రాపర్. సోల్ పాటలకి వాయించే చేతులు బ్లూస్‌కి వాయిస్తే ఎంత తక్కువ వాయిస్తాయో అందులో తెలుస్తుంది. సోలో ఊపందుకున్నా వెనకవాళ్లు కంగారు పడరు, ఎవరి పని వాళ్లు చేసుకుపోతారు. అందుకే కింగ్ ఒక్క స్వరం లాగి వదిలినా అది పెద్దగా వినిపిస్తుంది. బ్లూస్ రాక్ వాళ్లలో ఆ రికార్డుకి బాకీ లేనివాడు అరుదు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కూడా నేను దగ్గర్నుంచి చూశాను. ఒక గిటారిస్టు తన పాటకి మా బేస్, డ్రమ్స్ అయ్యాక ఒక్కడే కూర్చుని రిథమ్ గిటార్ మీద రిథమ్ గిటార్ వేస్తూ పోయాడు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, మధ్యలో స్లైడ్ గిటార్, దానికింద అకూస్టిక్, అవన్నీ చాలనట్టు మొదటిదానికి జోడీ. మిక్స్ చేసే రోజు స్పీకర్ల ముందు కూర్చున్నాం. హోరు తప్ప ఏమీ లేదు. ఇంజనీరు ఏమీ మాట్లాడకుండా ఒక్కో మ్యూట్ బటన్ నొక్కుతూ వచ్చాడు. స్లైడ్ పోయింది. అకూస్టిక్ పోయింది. జోడీ పోయింది. కుడివైపుదీ పోయింది. ఎడమ గిటార్ ఒక్కటి మిగిలేసరికి హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కనుండే జంట సింబల్స్) వినిపించడం మొదలైంది. గాయకుడు లైనుకి ముందు తీసుకునే ఊపిరి వినిపించింది. మా గిటారిస్టు మొహం మాడిపోయింది. అయినా చివరికి అతని పట్టుదలే నెగ్గింది, అన్నీ తిరిగొచ్చాయి. ఆ పాట పెట్టిన ప్రతిసారీ హై-హ్యాట్ కోసం వెతుక్కుంటాను.

కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో ఎన్ని గిటార్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి, రెండూ వేర్వేరు పనులు చేస్తుంటే అది ఆలోచించి చేసిన ఏర్పాటు. రెండూ ఒకే పని చేస్తూ మధ్యలో ఇంకో రెండు ఉంటే, ఎవరో గదిలో ఎక్కువసేపు ఒంటరిగా కూర్చున్నారని అర్థం.

సరే, సోలో కూడా వినండి

ఇంతవరకు వచ్చారు కాబట్టి ఇప్పుడు సోలో వినే హక్కు మీకుంది. వేగం పట్టించుకోకండి. ముందు గమనించాల్సింది ఊపిరి. బి.బి. కింగ్ పాడేటప్పుడు గిటార్ వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. గొంతు ఒక మాట అంటే గిటార్ దానికి జవాబు చెప్పేది. ఆ పద్ధతి నుంచి వచ్చిన గిటారిస్టు సోలోలో కూడా ఒక వాక్యం వాయించి ఆగుతాడు. ఆగిన చోట డ్రమ్మర్ ఏదో అంటాడు. ఆ ఆగడం ఎక్కడా లేకుండా పన్నెండు బార్లూ నిండిపోతే అది కసరత్తు.

బ్లూస్ గిటార్‌కి ప్రాణం తీగ లాగడంలో ఉంది, దాన్నే బెండ్ అంటారు. వీణ మీద మెట్టు పట్టుకుని తీగని పక్కకి లాగి పై స్వరం పలికించినట్టే ఇక్కడా వేలు వేరే మెట్టుకి పోదు, తీగ పక్కకి కదులుతుంది. రెండు రకాలుగా వినండి. ఒకటి, లాగిన స్వరం సరిగ్గా వెళ్లాల్సిన చోటికి వెళ్లిందా? కొంచెం కిందే ఆగిపోతే చెవి వెంటనే గిలగిల్లాడుతుంది. రెండోది, కావాలనే మధ్యలో ఆపడం. సాధారణ గాంధారాన్ని కాస్త పైకి లాగి అంతర గాంధారం చేరకుండా వదిలేస్తారు. రెండింటికీ మధ్య నిలబడే ఆ గాంధారమే బ్లూ నోట్. కీబోర్డ్ మీద ఆ మీట లేదు. గిటారిస్టు దాన్ని ప్రతిసారీ ఒకే ఎత్తులో వాయిస్తున్నాడా, సందర్భాన్ని బట్టి జరుపుతున్నాడా అన్నది చెవిపెట్టి వింటే, ఆ మనిషి చేతిరాత చదివినంత పని.

ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి పద్ధతిలో తీగలున్న గిటార్‌నే తిప్పి పట్టుకునేవాడు, సన్న తీగలు పైకి వచ్చేవి. అందరూ పైకి తోసే తీగని అతను కిందికి లాగేవాడు. అందుకే ఆ బెండ్లు అంత దూరం వెళ్తాయి. స్టీవీ రే వాన్ మామూలు పద్ధతిలోనే పట్టుకుని అంత దూరమూ వెళ్లాడు, అదీ లావుపాటి తీగలతో. శ్రుతి ఒక మెట్టు దించుకోవడం వల్ల లాగడం కాస్త వీలయ్యేది. కొత్త ఆల్బమ్‌లో ఎవరైనా ఒక స్వరాన్ని మూడు మెట్లు లాగి మళ్లీ జారిస్తే అది ఆల్బర్ట్ కింగ్ దగ్గర్నుంచి వచ్చిన ఆస్తే అనుకోండి.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. మైనర్ పెంటటానిక్ అనే స్కేలు చాలామంది గిటారిస్టులకి ఇల్లు. మనకి తెలిసిన శుద్ధ ధన్యాసి స్వరాలే అవి. పన్నెండు బార్ల పొడవునా ఆ ఐదు స్వరాలే తిప్పినా ఎక్కడా తప్పు దొర్లదు, అదే దాని సుఖం, అదే దాని శాపం. సాధారణ గాంధారాన్నే తీసుకోండి. స కార్డ్ మీద అది గరుగ్గా, కసిగా ఉంటుంది. ఐదో బార్‌లో బ్యాండ్ మ కి మారగానే, అదే స్వరం ఆ మ కి కైశికి నిషాదం అయిపోయి, కార్డ్‌లో చక్కగా ఒదిగిపోతుంది. గిటారిస్టు ఏమీ మార్చకుండానే స్వరం అర్థం మారిపోతుంది. ఇది తెలిసినవాడు ఐదో బార్‌ కోసం ఆ స్వరాన్ని దాచి ఉంచుతాడు. ఇంకా తెలిసినవాడు అక్కడ చతుశ్రుతి ధైవతం మీద వాలతాడు, ఆ స్వరం శుద్ధ ధన్యాసిలో లేదు. తొమ్మిదో బార్‌లో ప కార్డ్ వచ్చినప్పుడు కాకలి నిషాదం తాకుతాడు. అంటే కింద బేస్ ఏం చేస్తోందో వింటున్నాడన్నమాట. వేళ్ల మీద ఐదో బార్ లెక్కపెడుతూ సరిగ్గా అక్కడ అతనే స్వరం మీద దిగాడో వినండి. స్వరం పేరు పట్టుకోలేకపోయినా ఫర్వాలేదు. కార్డ్ మారినట్టు సోలో ఒక్కదాన్ని విన్నా తెలుస్తోందా లేదా అని చూస్తే చాలు.

గిటార్ శబ్దం గురించి నాకు ఓపిక తక్కువ, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సన్నగా, గంట కొట్టినట్టు, అంచులు పదునుగా ఉంటే ఎక్కువగా సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కదలికని పట్టుకునే అయస్కాంతపు ముక్కలు) గిటార్, స్ట్రాటోకాస్టర్ జాతి. లావుగా, సాగుతూ ఉంటే హంబకర్ అనే జంట కాయిల్ పికప్, లెస్ పాల్ జాతి. 1966లో జాన్ మేయల్ బ్యాండ్‌తో ఎరిక్ క్లాప్టన్ లండన్‌లోని డెక్కా స్టూడియోలో లెస్ పాల్‌ని మార్షల్ యాంప్‌కి పెట్టి, స్టేజీ మీద ఎంత వాల్యూమ్ ఉంటుందో అంతా పెట్టే వాయిస్తానని పట్టుబట్టాడు. యాంప్ అంత గట్టిగా పనిచేస్తేనే ఆ సాగుడు వచ్చేది. తర్వాతి బ్లూస్ రాక్ అంతా ఆ మొండితనం మీదే నడిచింది. ముక్కుతో పలికినట్టు పలచగా, బోలుగా వినిపిస్తే రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో ఉన్నాయేమో అనుకోండి. గిటారిస్టు పీటర్ గ్రీన్ లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల వచ్చిన శబ్దమే అది. ఆ గిటార్ తర్వాత గిటారిస్టు గ్యారీ మూర్‌కి, అతని తర్వాత కొన్నేళ్లకి మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్‌కి చేరింది. ఈ విషయంలో ఇంతకంటే లోతుకి వెళ్లాలనుకునేవాళ్లకి గిటారిస్టులు తెల్లారేదాకా చెబుతారు.

ఎవరి పాట?

బ్లూస్ రాక్ ఆల్బమ్‌లో ఒకటో రెండో పాతపాటలు ఉంటాయి. రచయిత పేరు చూసి అసలు రికార్డుని ఒకసారి వినండి, అదీ కొత్తది విన్న తర్వాతే. విల్లీ డిక్సన్ పేరు తరచుగా తగులుతుంది. షికాగో చెస్ రికార్డ్స్‌లో బేస్ వాయిస్తూ మడ్డీ వాటర్స్‌కీ, హౌలిన్ వుల్ఫ్‌కీ పాటలు రాసిన మనిషి. మా జాతివాడు కావడం వల్ల నాకు కొంచెం ఎక్కువ గౌరవం, దాచుకోను. బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ వాళ్ల పేరు మోసిన పాటలో తన మాటలు ఉన్నాయని 1985లో కేసు వేశాడు, 1987లో రాజీ కుదిరింది. తర్వాతి ముద్రణల్లో అతని పేరు చేరింది. రాబర్ట్ జాన్సన్ పేరు కూడా కనిపిస్తుంది. 1936లోనూ, 1937లోనూ టెక్సస్‌లో రికార్డు చేసిన 29 పాటలే అతను వదిలి వెళ్లినవి. ఆ కొద్ది పాటల్ని ఎంతమంది ఎన్నిసార్లు తిరగరాశారో.

పాతపాటని కొత్తగా వాయించినప్పుడు గిటార్ పార్ట్‌ని కాకుండా టెంపోని పోల్చండి. కొత్తది దాదాపు ఎప్పుడూ వేగంగా, బరువుగా ఉంటుంది. పాట అర్థం ఆ వేగానికి తట్టుకుందా? "నన్ను వదిలి వెళ్లిపోయింది" అనే మాటని ఉత్సాహంగా పాడితే వినడానికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సొంత పాటల మాటల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రైలు, వాన, హైవే, దయ్యం వస్తాయి. మొదటి లైను, మళ్లీ అదే లైను, మూడోసారి దానికి ముడి విప్పే లైను, ఇదీ పాత పద్ధతి. ఆ మూడో లైనులో ఏదైనా చమత్కారం ఉంటే చాలా గొప్ప. తన ఊరి సంగతి చెప్పేవాడు దొరికితే మాత్రం వదలొద్దు. క్రిస్టోన్ "కింగ్‌ఫిష్" ఇంగ్రమ్ 2021 ఆల్బమ్‌కి పేరుగా 662 అనే అంకె పెట్టుకున్నాడు, ఉత్తర మిసిసిపీ టెలిఫోన్ కోడ్ అది. క్లార్క్స్‌డేల్ కుర్రాడు తన నేల నంబర్ కవర్ మీద వేసుకున్నాడు. మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది.

పాటల వరస

ఎల్పీ ఉంటే వైపు మార్చే చోటు గమనించండి. స్ట్రీమింగ్‌లో విన్నా ఆ ఆలోచన ఇంకా బతికే ఉంటుంది. ఎల్పీకి ఒక వైపు సుమారు ఇరవై నిమిషాలు పడతాయి. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా, లోపలికి పోయేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గి సూది కింద నడిచే దూరం తగ్గుతుంది, పై స్థాయి శబ్దాలు నలిగిపోతాయి. అందుకే గోలగా ఉండే పాటలు వైపు మొదట్లో, నెమ్మది పాటలు చివర్లో పెట్టే అలవాటు పడింది. ఆల్బమ్ మధ్యలో ఒక స్లో బ్లూస్, ఆ వెంటనే ఉరుములా ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వచ్చాయంటే మొదటి వైపు అయిపోయి రెండోది మొదలైందని లెక్క. చివర అకూస్టిక్ పాట ఉండటం కూడా ఈ అలవాటు నుంచి వచ్చినదే అనుకుంటాను.

డీలక్స్ ఎడిషన్‌లో అదనపు పాటలుంటే మొదటి వారం వాటి జోలికి పోవద్దు. చివరి పాట తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని డెమోలు పాడుచేస్తాయి.

కొన్నాళ్లయ్యాక టూర్ మొదలవుతుంది, లైవ్ రికార్డింగులు బయటికి వస్తాయి. అప్పుడు ఆల్బమ్‌లో మీకు నచ్చిన పాట ఒకటి తీసుకుని స్టేజీ మీద ఎలా మారిందో వినండి. టెంపో పెరుగుతుంది, అది మామూలే. స్టూడియోలో రెండు ఆవృతాలుగా ఉన్న సోలో ఎనిమిదికి సాగుతుంది, ఇదీ మామూలే. మీకు ఇప్పుడు లెక్కపెట్టడం వచ్చు కాబట్టి ఏ ఆవృతంలో అతనికి చెప్పాల్సింది అయిపోయిందో తెలిసిపోతుంది. ఆరో ఆవృతం దాటాక చెవిని గిటార్ మీంచి తీసి కాస్త కిందికి, బేస్ వైపు తిప్పండి. స్టూడియోలో ఎవరూ చేయనివ్వని పనులన్నీ మేం అక్కడే చేస్తాం, గిటారిస్టు కళ్లు మూసుకుని ఉంటాడు కదా.